మిరియం తాబేలు యారాడలో ఈదిన రోజు

మా మిరియం చిన్నప్పుడు ఉక్కునగరం క్వార్టర్ గోడ మీద బొగ్గుతో కాకుల్ని గీసింది. కంపెనీవాళ్లు చూసి ఇల్లు ఖాళీ చేయమంటారేమోనని నాకు జ్వరం వచ్చింది. తర్వాత రంగులు పట్టింది; ఆ వాసనకు ఊపిరితిత్తులు పాడైపోతాయనుకున్నాను. మట్టితో పాముల్ని చేసింది. జోడు వెతుక్కుంటూ నిజంవి వస్తాయని మంచం కాళ్ల చుట్టూ వెల్లుల్లి వేశాను. వాళ్ల నాన్న సుందర్ రాజ్ ప్లాంటులో వెల్డరు. ఆయన దగ్గర పని నేర్చుకుని తుక్కు ఇనుముతో కొంగల్ని నిలబెట్టింది. కళ్లు పోవడం ఖాయమని చర్చిలో ప్రార్థన పెట్టించాను. పిల్ల కళ్లు బాగానే ఉన్నాయి. నాకే అద్దాలొచ్చాయి.

రెండువేల మూడులో సముద్ర జంతువుల బొమ్మల ప్రదర్శనశాల ఒకటి పెడుతూ, ఆర్టిస్టు కావాలన్నారు. దానికి అధికారి గురునాథరావు గారు. ఫైబర్‌తో అసలు తాబేలంత బొమ్మను చేసి చూపించమన్నారు. నచ్చితే ఉద్యోగం. నచ్చకపోతే, వాళ్ల నాన్న చెప్పినట్టు టైపు నేర్చుకుని పెందుర్తిలో మా మరిది ఆఫీసులో కూర్చోవాలి. టైపు మాటెత్తితే చాలు, పిల్ల కంచం ముందునుంచి లేచిపోయేది.

రంగు ఎండలో, తడి ఇసుకలో చూపించాలని తాబేలును యారాడ ఒడ్డుకు తీసుకెళ్లి, గుడ్లు పెట్టడానికి వచ్చిన దానిలా సగం ఇసుకలో కప్పెట్టింది. పిల్లను అల లాక్కుపోతుందని నేనూ వెంట వెళ్లాను. అంతలో గురునాథరావు గారి జీపు ఇసుకలో కూరుకుపోయిందని తెలిసి ఇద్దరం తొయ్యడానికి పరుగెత్తాం. ఆయన్ను వెంటబెట్టుకుని వచ్చేసరికి తాబేలు లేదు.

యారాడ పల్లెకారులకు తాబేలంటే దేవుడు. వలలో పడితే పసుపు పూసి, బొట్టు పెట్టి, దండం పెట్టి నీళ్లలో వదిలేస్తారు. పట్టపగలు ఒడ్డున కదలకుండా పడి ఉన్న మా తాబేలును పైడయ్య, అతని భార్య పోతమ్మ చూశారు. లోపం లేకుండా అన్నీ జరిపించి సముద్రంలోకి సాగనంపేశారు.

"ఎత్తితే బరువే నేదమ్మా. పాపం, కడుపులో ఏటీ నేదు," అంది పోతమ్మ జాలిగా.

దూరంగా అలల మీద పసుపు వీపొకటి లేస్తూ మునుగుతోంది. నేను ఇసుకలో కూలబడ్డాను. ఉద్యోగం పోయింది. పైగా మా పిల్ల చేసిన దానికి పూజ జరిగిందని చర్చి సంఘంలో ఆడవాళ్లకు తెలిస్తే?

అదే తన బొమ్మని మిరియం చూపించింది. గురునాథరావు గారు బైనాక్యులర్స్ పెట్టి చాలాసేపు చూశారు. దించాక మొహం గంటు పెట్టుకున్నారు.

"నిజం తాబేలును చూపించి ఉద్యోగం కొట్టేద్దామనా?"

పిల్ల ఒట్టేసింది. నేనూ వేశాను. పోతమ్మకు మాత్రం ఒళ్లు మండింది.

"బొమ్మేటి? నాను బొట్టెడతంటే కళ్లార్పింది."

పైడయ్య తన మోకాలు చూపించి, వెళ్తూ వెళ్తూ తన్నిందన్నాడు. ఇద్దరూ అంత నమ్మకంగా చెబుతుంటే ఆయన జీపు వైపు తిరిగారు. ఈదుకెళ్లి తెస్తానని మిరియం చెప్పులు విడిచింది. నేను దాని నడుం పట్టుకుని వేలాడాను.

అప్పుడొచ్చింది ఒక పెద్ద అల. తాబేలును ఎత్తి తెచ్చి, గురునాథరావు గారి బూట్ల ముందు వెల్లకిలా పడేసింది. పొట్ట పలక ఊడి పక్కన పడింది. లోపల ఇనప తీగలు, బోల్టులు.

పోతమ్మ వంగి లోపలికి తొంగి చూసింది.

"కడుపులో ఏటీ నేదని నాను ముందే సెప్పాను గదా."

గురునాథరావు గారు తడి ఇసుకలో ప్యాంటుతోనే చతికిలబడి, కళ్లనీళ్లు తుడుచుకుంటూ నవ్వారు. పైడయ్య మోకాలు రుద్దుకుంటూ నవ్వాడు. సోమవారం నుంచి పనిలోకి వచ్చేయమన్నారాయన, మాట పూర్తిగా బయటికి రాక చేతులతో చూపిస్తూ. మిరియం పసుపు కడగబోతే పోతమ్మ చెయ్యి పట్టుకుంది.

"బొమ్మయితే ఏటి? మొక్కేసినాక కడక్కూడదు."

పసుపు అలాగే ఉండనిమ్మన్నారు ఆయన. మిరియం తాబేలును నెత్తిన పెట్టుకుని ఒడ్డంతా గిరగిరా తిరిగింది. నాకూ నవ్వు తెరలు తెరలుగా వచ్చింది. ఎక్కువ నవ్వితే వెనకే ఏడుపొస్తుందని మా అమ్మ అనేది. ఆపితే ఆ ఏడుపు ఎక్కడ మొదలవుతుందోనన్న భయంతో, డొక్కలు నొప్పెడుతున్నా ఆపకుండా నవ్వుతూనే ఉన్నాను.