అక్క చదివిన ముగింపు

ఎడిటర్ ఫోన్ చేసేటప్పటికి ఆమె కుంచెలు కడుగుతోంది. తడిచేత్తోనే ఫోన్ తీసి చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుంది. బొమ్మలన్నీ అందాయనీ, రంగులు ముద్దొస్తున్నాయనీ ఎడిటర్ చాలాసేపు మెచ్చుకుంది. మెచ్చుకోలు ఇంత పొడుగ్గా సాగితే దాని వెనకాల ఏదో ఉంటుందని పదకొండేళ్ళ పనిలో ఆమెకి తెలిసొచ్చింది. ఉండనే ఉంది. చివరి రెండు పేజీల బొమ్మలు కథతో కలవడం లేదట. కథలో ఒకటి జరుగుతుంటే బొమ్మలో ఇంకొకటి జరుగుతోందట. ప్రెస్సుకి ఇవ్వాల్సిన రోజు దగ్గరపడింది కాబట్టి రేపు పదకొండింటికి ఆఫీసుకి రమ్మంది.

"వచ్చేముందు స్క్రిప్టు ఒకసారి చూసుకోండి బొమ్మలమ్మగారూ," అని పెట్టేసింది.

ఆఫీసులో అందరూ ఆమెని బొమ్మలమ్మ అనే పిలుస్తారు. ఆ పేరు ఆమెకి ఇష్టమే. స్క్రిప్టు చూసుకోవడం ఒక్కటే ఆమె వల్ల కాని పని.

చదవడం బొత్తిగా రాదని కాదు. దుకాణాల పేర్లూ, బస్సు బోర్డులూ, మందుసీసా మీది పేరూ నెట్టుకొస్తుంది. పేజీ నిండా అక్షరాలుంటే మాత్రం తల ప్రాణం తోకకి వస్తుంది. దీన్ని డిస్లెక్సియా అంటారని ముప్ఫయ్యేళ్ళు దాటాక రేడియోలో ఎవరో డాక్టరు చెబుతుంటే విన్నది. అప్పటికే మొద్దు, బద్ధకస్తురాలు, ధ్యాస లేనిది అని ఊళ్ళోవాళ్ళూ బళ్ళోవాళ్ళూ తలా ఒక పేరు పెట్టేసి ఉన్నారు. కొత్త పేరు ఎక్కడ తగిలించుకోవాలో ఆమెకి తోచలేదు. ఎవరికీ చెప్పలేదు. పిల్లల పుస్తకాలకి బొమ్మలు వేసే మనిషి పిల్లల పుస్తకం చదవలేదని తెలిస్తే మర్నాటి నుంచి ఎవరు పనిస్తారు?

అందుకని ఆమెకీ అక్కకీ ఒక పద్ధతి ఏర్పడింది. స్క్రిప్టు రాగానే అక్క ఆదివారం సోఫాలో పడుకుని దాన్ని ఫోనులోకి చదివి పెడుతుంది. ఆమె చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వింటుంది. మూడోసారి వినేసరికి కథ మొత్తం కంఠతా వచ్చేస్తుంది. ఇక కాగితంతో పనుండదు. ఇరవై ఆరు పుస్తకాలు అలాగే అయ్యాయి. బొమ్మలమ్మకి పాటల పిచ్చి అని ఆఫీసులో అనుకుంటారు.

ఈ ఇరవై ఏడోది చదువులో వెనకబడిన పిల్లల కోసం వేస్తున్న పుస్తకం. ఎనిమిదేళ్ళ పాపకి అక్షరాలు లొంగవు. అది తన తప్పు కాదని, తన బుర్ర చదివే దారి వేరని టీచరు చెబుతుంది. పిల్లల మనస్తత్వం చదువుకున్న ఒకాయన రాశాడు. బళ్ళలో పంచిపెడతారట. పని అప్పగిస్తూ ఎడిటర్, మీకిలాంటి పిల్లలతో పరిచయం ఉండదు కదా, ఏదైనా బడికి వెళ్ళి ఒకరోజు కూర్చుని రండి అంది. ఆమె తలూపింది. వెళ్ళింది కూడా. చిన్నప్పుడు పదేళ్ళు కూర్చున్న చివరి బెంచీలోనే, పరిచయం చేసుకోవడానికి, ఒక పూట కూర్చుని వచ్చింది.

కథ చివరలో పాప పుస్తకం మూసేస్తుంది. "నేను అలిసిపోయాను. మిగతాది నువ్వు చదువు, నేను వింటాను," అని పక్కనున్న స్నేహితురాలితో అంటుంది. టీచరు అది విని కోప్పడదు. వినడం కూడా చదవడంలో భాగమేనంటుంది. రేపు ఇంకో నాలుగు వాక్యాలు చదవొచ్చంటుంది. అంతే. ఆ రెండు పేజీలకీ బొమ్మలు వేస్తున్నప్పుడు ఆమె చెయ్యి ఎక్కడా తడుముకోలేదు. పాప బల్ల మీద చెంప ఆనించి కళ్ళు మూసుకుని వింటోంది. ఇన్నేళ్ళలో ఆమె వేసిన బొమ్మల్లో తనకి నచ్చింది అదొక్కటే.

ఇప్పుడు ఆ బొమ్మే కథలో లేనిదంటున్నారు.

రికార్డింగు మళ్ళీ పెట్టుకుని వింది. అక్క గొంతు సాఫీగా సాగుతోంది. ఆ సాఫీతనమే అనుమానం పుట్టించింది. అక్క చదివేటప్పుడు పేజీకి ఒక్కసారైనా ఆవలిస్తుంది. చివరి రెండు పేజీల్లో ఆవలింత లేదు.

అక్క ఆరింటికి వచ్చింది. నీళ్ళ సరఫరా ఆఫీసులో ఫిర్యాదులు చదివి విభాగాలకి పంపే ఉద్యోగం అక్కది. కుళాయి రాలేదన్న సంగతిని మనుషులు ఎన్ని వందల రకాలుగా రాయగలరో తనకి తెలిసినంతగా ఎవరికీ తెలియదని అంటూ ఉంటుంది. చెప్పులు విడిచి, సోఫాలో కూలబడి, కళ్ళజోడు తీసి ముక్కు మీది గుంటలు రుద్దుకుంటోంది.

"అక్కా, ఈ కథ చివర నువ్వు చదివింది అందులో ఉందా?"

అక్క రుద్దుకోవడం ఆపలేదు. "లేదు."

ఉన్నదేమిటో కూడా చెప్పింది. అసలు కథలో పాప బళ్ళో వార్షికోత్సవం రోజు వేదిక ఎక్కుతుంది. ఒక పేజీ మొత్తం తప్పు లేకుండా గడగడా చదివేస్తుంది. బడంతా లేచి చప్పట్లు కొడుతుంది.

"మరి నాకు ఇంకోలా ఎందుకు చదివావు?"

"ఐదో క్లాసులో నీకూ చప్పట్లు కొట్టారు కదే," అంది అక్క. "పాఠం చదవలేక నిలబడిపోతే క్లాసంతా కొట్టింది. నేను పక్క గదిలో ఉన్నాను. నాకు వినపడ్డాయి. ఆ పేజీ దగ్గరికి వచ్చేసరికి అవే వినపడ్డాయి. నీ చెవిలో మళ్ళీ పొయ్యబుద్ధి కాలేదు. నోటికి వచ్చింది చెప్పేశాను."

ఇదివరకు కూడా ఇలా మార్చావా అని ఆమె అడిగింది. కొన్ని, అంది అక్క. ఎన్ని అంటే, లెక్క పెట్టుకుంటూ మారుస్తారా ఎవరైనా అంది.

"ఆ ఏడాది క్లాసు టీచరు నాన్నకి ఉత్తరం రాసింది. నా బొమ్మలు బాగుంటాయని అందులో ఉందని నువ్వే చదివావు."

అక్క కళ్ళజోడు పెట్టుకుంది. మళ్ళీ తీసింది. "రాయలేదు," అంది. "కానీ బాగుండేవి. నేను చూశానుగా."

కోపం రావాలి. వస్తుందేమోనని ఆమె చూసింది. తన బతుకంతా ఏ ఒక్క వాక్యం మీద నిలబెట్టుకుందో ఆ వాక్యాన్ని పన్నెండేళ్ళ పిల్ల కల్పించింది. దానికి అరవాలి, ఏడవాలి, కనీసం లేచి అవతలి గదిలోకి పోవాలి. ఏదీ చెయ్యడానికి ఓపిక లేదు. చూస్తే ఎదురుగా కూర్చున్న మనిషికీ లేనట్టే ఉంది. ఇన్నాళ్ళూ అలసట తన ఒక్కదాని సొత్తే అనుకుంది.

"రోజంతా చదివి వస్తాను చిన్నీ," అంది అక్క. "ఇంటికొచ్చి మళ్ళీ చదవాలి. చదువుతూ నీకు ఏది గుచ్చుకుంటుందో ముందే చూసుకోవాలి. అవి రెండు పనులు. నా వల్ల కావడం లేదు."

అన్నం తిన్నాక అక్కే ఉపాయం చెప్పింది. పుట్టేమీ మునిగిపోలేదు, ఏమరుపాటులో తప్పు వేశానని చెప్పమంది. తిట్టి ఊరుకుంటారు. రెండు బొమ్మలేగా, చప్పట్లు కొట్టే పిల్లల్ని గీసి పడేస్తే మూడో కంటికి తెలియదు. ఆ మాట నిజమే.

పొద్దున అక్క వెళ్ళాక ఆమె స్క్రిప్టు తీసి చివరి రెండు పేజీలూ బల్ల మీద పరుచుకుంది. అక్షరాలు గంతులు వేస్తాయని, పురుగుల్లా పాకుతాయని చెబుతారు. ఆమెకి ఎప్పుడూ అలా కనిపించలేదు. అవి కదలవు. తలుపులు మూసిన ఇళ్ళలా వరసగా నిలబడి ఉంటాయి. ఒక్కొక్క తలుపూ కొట్టి, ఎవరున్నారో కనుక్కుని, ముందుకు పోవాలి. పదో ఇంటికి చేరేసరికి మొదటి ఇంట్లో ఎవరున్నారో గుర్తుండదు. వెనక్కి నడవాలి. పదకొండు పంక్తులకి ముప్ఫై ఐదు నిమిషాలు పట్టింది. అయ్యేసరికి మెడ పట్టేసింది, వీపు చెమటతో తడిసింది.

అక్క చెప్పినట్టే ఉంది. చప్పట్లు ఉన్నాయి.

ఆయన మంచి మనసుతోనే రాశాడు, అనుకుంది. ఎనిమిదేళ్ళ పాప ఒకతి ఇది చదువుతుంది, లేదా ఎవరో చదివి వినిపిస్తారు. వార్షికోత్సవం వస్తుంది, పోతుంది. తాను ఇంకా పదో ఇంటి ముందే నిలబడి ఉంటుంది. అప్పుడు ఈ పుస్తకంలోని పాపకి వచ్చింది కూడా తనకి రాలేదని తెలుసుకుంటుంది.

అయినా పెన్సిలు తీసుకుంది. పన్నెండు మంది పిల్లల్ని వేసింది. చేతులు కుదిరాయి. చేతులు వెయ్యడం ఆమెకి మంచినీళ్ళ ప్రాయం. మధ్యలో పాప ముఖం మాత్రం ఎన్నిసార్లు వేసినా నవ్వడం లేదు. పెదవుల మూలలు పైకి తిప్పితే ఏడుపు ఆపుకుంటున్నట్టు వస్తోంది. నాలుగోసారి చెరిపేసరికి కాగితం నూగులేచింది.

ప్రచురణ ఆఫీసు మూడో అంతస్తులో ఉంది. లిఫ్టు పనిచెయ్యడం లేదు. ఎడిటర్ బల్ల మీద పాత బొమ్మలు రెండూ, పక్కన స్క్రిప్టూ పెట్టి ఉన్నాయి. ఎడిటర్ యాభై దాటిన మనిషి, గొంతు పెంచదు. ఆ చివరి పంక్తుల మీద వేలు పెట్టి, వార్షికోత్సవం ఎక్కడ, బల్ల మీద నిద్రపోతున్న ఈ పిల్ల ఎక్కడ అంది. నిద్ర కాదు, వింటోంది అని ఆమె చెప్పబోయి ఆగింది.

"అసలు కథ చదివే వేశారా?"

ఏమరుపాటు అన్న మాట నాలుక చివరే ఉంది. దాన్ని బయటికి తోస్తే చాలు. పది నిమిషాల తిట్లు, రెండు రోజుల పని, ఆ తర్వాత ఇరవై ఎనిమిదో పుస్తకం. నవ్వని ఆ ముఖాన్ని ఎలాగో నవ్వించాలి. ఇంటికి వెళ్ళి అక్కని మళ్ళీ సోఫాలో పడుకోబెట్టాలి. ఇకనుంచి అక్క చదివే ప్రతి వాక్యం కిందా ఇంకో వాక్యం ఉందేమోనని వెతుక్కోవాలి. ధైర్యం వచ్చి కాదు, ఇదంతా మొయ్యడానికి సత్తువ లేకనే ఆమె నోరు తెరిచింది.

"చదవలేదు. నేను చదవలేనండీ. ఈ పాపకి ఉన్నదే నాకూ ఉంది. మా అక్క చదివి వినిపిస్తుంది."

ఎడిటర్ ముందు అర్థం కానట్టు చూసింది. తర్వాత ఆ చూపు వెనక్కి వెళ్ళి పదకొండేళ్ళనీ తిరగేస్తున్నట్టు అనిపించింది. ఆమె ఆగకుండా మిగతాదీ చెప్పేసింది. అక్క ముగింపు మార్చిన సంగతి, ఆవలింత లేక అనుమానం వచ్చిన సంగతి, పొద్దున పట్టిన ముప్ఫై ఐదు నిమిషాల సంగతి, ముఖం నవ్వకపోవడం.

ఎడిటర్ కళ్ళు మెరిశాయి. ఈ సంగతి పుస్తకం వెనక అట్ట మీద వేద్దామంది. బళ్ళకి తీసుకెళ్ళి పిల్లల ముందు మాట్లాడిద్దామంది. ఎంత ధైర్యం వస్తుందో వాళ్ళకి, అంది.

"నన్ను కూడా ఆ చప్పట్ల మధ్య నిలబెట్టకండి మేడమ్," అంది ఆమె. "నాకు పని ఉంటుందా లేదా, అది చెప్పండి."

మెరుపు ఆరిపోయింది. ఎడిటర్ ముఖం కాస్త చిన్నబోయింది.

"ఇరవై ఆరు పుస్తకాలకీ లేని అడ్డం ఇప్పుడు ఎక్కణ్ణుంచి వస్తుంది? స్క్రిప్టులు ఇకనుంచి నేను చదివి పంపిస్తాను. నాకు ఆవలింతలు రావు."

ఆమెకి నవ్వొచ్చింది. అక్క చెప్పిన ముగింపు ఏమిటో చెప్పమని ఎడిటర్ అడిగింది. ఆమె కళ్ళు మూసుకుని ఒక్క మాట పొల్లు పోకుండా చెబుతుంటే పెన్సిలుతో రాసుకుంది. రాసుకున్నది రెండుసార్లు చదువుకుని, ఇది బాగుంది కానీ అంటూ ఆగింది. రాసినాయన మొండివాడు. కామా తీసినా ఫోన్ చేస్తాడు. ఆయన ఒప్పుకోకపోతే బొమ్మలు మార్చక తప్పదు. ఈ ఆఫీసులో ఒక పద్ధతి ఉంది. కథలో మార్పు కోరినవాళ్ళు కారణం స్వయంగా ఒక చీటీ మీద రాసి ఇవ్వాలి. అది అలాగే రచయితకి వెళుతుంది. సొరుగులోంచి చీటీ తీసి, తానే కలం మూత విప్పింది.

"మీరు చెప్పండి, నేను రాస్తాను. కింద సంతకం చేస్తే సరిపోతుంది."

"వద్దండీ, నేనే రాస్తాను. ఆలస్యమవుతుంది. మీకు పనులుంటే చూసుకోండి."

ఎడిటర్ పనులేమీ చూసుకోలేదు. కిటికీ వైపు కుర్చీ తిప్పుకుని కూర్చుంది. ఆమె రాయడం మొదలుపెట్టింది. మొదటి మాట కొట్టేసింది. రెండో మాటకి వత్తు ఎటు వస్తుందో తేలక కలం గాల్లో ఆగింది. బయట కారిడార్‌లో ఎవరో కాగితాల కట్టలు ఈడుస్తున్నారు. ఆ చప్పుడు ఆగిపోయి చాలాసేపైంది. నాలుగు పంక్తులు. పూర్తయ్యాక చీటీని బల్ల మీద అటు తోసింది.

"చదవండి. తప్పులు దిద్దకండి."

ఎడిటర్ కళ్ళజోడు పెట్టుకుని పైకి చదివింది. "ఈ పాప చివరికి కూడా మెల్లగానే చదువుతుంది. అలిసిపోతుంది. అది ఓడిపోవడం కాదు. అందుకని చప్పట్లు వద్దు."

రాసింది అదే. ఆమె మెడ వెనక్కి వాల్చి, కుర్చీకి ఆనించి, కళ్ళు మూసుకుంది.