షీనా పేరు మీద ఇస్త్రీ

డిసెంబర్ వచ్చిందంటే మౌంట్ రాస్కిల్ పేటలో జోసఫిన్ ఇంట్లో ఇస్త్రీపెట్టె చల్లారదు. నర్సు డ్యూటీ దిగి రాగానే క్రిస్మస్ కానుకలు వేసే ఎర్ర మేజోళ్లు, గుడ్డ నక్షత్రాలు బల్ల మీద పరుస్తుంది. కత్తిరించే మిషన్, వేడికి గుడ్డకంటుకునే వినైల్ రేకు మీద పేర్లు కత్తిరించి పెడుతుంది. అక్కర్లేని ముక్కలు సూదితో పీకి, పేరును గుడ్డ మీద పెట్టి, పదిహేను సెకన్లు నొక్కి, పైనున్న ప్లాస్టిక్ ఊడదీయడం ఆవిడ వంతు. నొక్కినంతసేపూ ఆ పేరుగల మనిషికి, ఎక్కడున్నా సరే, ఒళ్లు వెచ్చబడుతుంది. పామర్‌స్టన్ నార్త్‌లో బావగారు ఎలియాస్ స్వెట్టర్ విప్పేసి, "జోసఫిన్ నా మేజోడు మొదలెట్టినట్టుంది" అనుకుంటారు. చర్చిలో కీళ్లనొప్పుల ఆంటీలైతే తమ పేరు ఇంకోసారి నొక్కమని బతిమాలతారు. అందులో వింతేముంది, ఎవరి హస్తవాసి వాళ్లది.

ఈ ఏడు కూతురు షీనా పేరు మాత్రం కత్తిరించలేదు. డునెడిన్‌లో చదువుతున్న ఆ పిల్ల పండక్కి రానంది, స్నేహితురాలు వర్షిణితో కొండలెక్కడానికి పోతానంది. "కొండలే ఎక్కువైతే నీకు మేజోడెందుకే" అని ఫోన్ పెట్టేసింది జోసఫిన్. తల్లి కోపం ఎంతసేపుంటుంది అంటారుగానీ, ఈ కోపం నాలుగు రోజులుంది.

ఐదోరోజు క్రిస్మస్. మధ్యాహ్నం భోజనాల వేళ పోలీసులు ఫోన్ చేశారు. పిల్లలిద్దరూ నిన్ననే దిగి రావాలి, రాలేదు. ఆ దేశంలో డిసెంబరంటే ఎండాకాలమే అయినా ఆ కొండల మీద మంచు పడుతోంది. మబ్బు విడిస్తేగాని హెలికాప్టర్ లేవదు.

జోసఫిన్ ఇస్త్రీపెట్టె ప్లగ్ పెట్టింది. చలికి ఒళ్లు మొద్దుబారితే మనిషి ఏమవుతుందో నర్సుకి వేరే చెప్పాలా?

"మిషన్ ఆన్ చెయ్యండి," అంది భర్త ఫ్రెడ్రిక్‌తో.

వినైల్ రెండు వేళ్ల వెడల్పు ముక్కే మిగిలింది. పండగపూట కొట్లన్నీ మూత.

"మరి వర్షిణి పేరు?" అన్నాడు ఫ్రెడ్రిక్.

"చాలదండీ," అంది జోసఫిన్. ఆ మాట అన్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

షీనా పేరు ఇంగ్లీషు అక్షరాల్లో కత్తిరించి నొక్కింది. పదిహేను సెకన్లు. నిమిషం ఆగి మళ్లీ నొక్కింది. ఎక్కువసేపు ఉంచితే పిల్ల ఒళ్లు కాలుతుందని భయం, తీసేస్తే గడ్డకట్టిపోతుందని భయం. పదోసారికి అక్షరాల అంచులు ముడుచుకోసాగాయి.

"మబ్బు విడిచిందేమో అడగండి."

"ఇప్పుడేగా అడిగాను జోసీ."

"మళ్లీ అడగండి."

ప్రార్థనకి బదులు సెకన్లే లెక్కపెట్టింది. వేలు కాలినా చూసుకోలేదు. నాలుగున్నరకి మొదటి అక్షరం నల్లబడి ఊడొచ్చింది. ఆ తర్వాత ఇంకోటి, మరోటి. మిగిలినవాటి మీద నొక్కింది.

ఐదింటికి ఫోన్ మోగింది. ఫ్రెడ్రిక్ ఎత్తి విన్నాడు. ఫోన్ తెచ్చి భార్య చెవికి ఆనించాడు. హెలికాప్టర్ మోతలో సన్నగా గొంతు వినిపించింది.

"అమ్మా, నేనే. దొరికాం."

"ఒళ్లు కాలిందా నాన్నా?"

"కొంచెం. వర్షిణికి వణుకు కూడా ఆగిపోయిందమ్మా. పిలిస్తే పలకలేదు. అంతలో నాకు వెచ్చగా తగిలింది. నువ్వేనని తెలిసిపోయింది. జాకెట్ జిప్పు విప్పి వర్షిణిని లోపలికి లాక్కున్నా. నువ్వు నొక్కినప్పుడల్లా గట్టిగా పట్టుకున్నా. ఇప్పుడు కళ్లు తెరిచింది."

జోసఫిన్ బల్ల పట్టుకుని కూలబడి ఏడ్చింది. ఫ్రెడ్రిక్ ఇస్త్రీపెట్టె ప్లగ్ తీయబోయాడు.

"అప్పుడే ఆపకమ్మా," అంది షీనా. "దాని పాదాలు ఇంకా చల్లగానే ఉన్నాయి."

జోసఫిన్ కళ్లు తుడుచుకుని లేచి, మిగిలిన రెండక్షరాల మీద ఇస్త్రీపెట్టె ఆనించింది.