గుండీల డబ్బా

ఆ పట్టీ అంత బిగించి చుట్టకురా, ఆదివారం ఆటలో మణికట్టు పట్టేస్తే, కర్ర జారి ఎవరి మొహానికైనా తగిలితే, అన్నాను పెద్దాడితో, వాడు తలెత్తకుండానే, అమ్మా, ఇవాళ ఇంకా బుధవారమే, అన్నాడు, నిజమే, కానీ నా భయాలు ఎప్పుడూ నాలుగు రోజులు ముందే వచ్చి కూర్చుంటాయి, వాడు మంచం అంచున హాకీ కర్రకి పట్టీ చుట్టుకుంటున్నాడు, నేను కుట్టుమిషన్ పక్కన పాత జెర్సీల వీపుల మీద ఇంటిపేరు విప్పుతున్నాను, పిల్లల జట్టుకి ఇచ్చేస్తాడట, ముప్పై ఏళ్లుగా క్లబ్బుకి కుట్టినదాన్ని, విప్పడమూ నాకే వచ్చి పడింది, ఊడకూడదని రెండు వరసలు కుట్టిన పాపం ఇప్పుడు కళ్లు లాగేస్తోంది, మామగారు వేసుకున్న పేరు ఇది, తర్వాత మా ఆయన, తర్వాత ముగ్గురు కొడుకులు, ఆదివారంతో పెద్దాడూ మానేస్తాడు, మోకాలు ఇక మాట వినడం లేదట, చివరాట కదా అని పాతవాళ్లందరినీ పిలిచాడు, చిన్నాణ్ని తప్ప, తమ్ముణ్ని కూడా పిలవరా అంటే, వాడి ఊసెత్తకమ్మా, అన్నాడు.

ఏడేళ్లు వరసగా కప్పు తెచ్చారు, పెనాల్టీ కార్నర్ వచ్చిందంటే చాలు, పెద్దాడు గోలు పక్క గీత మీంచి బంతి తోసేవాడు, నడిపివాడు చటుక్కున ఆపేవాడు, చిన్నాడు కర్రతో ఈడ్చి గోల్లోకి విసిరేవాడు, వసారా గచ్చు మీద నా కొలతల సుద్దతో గీతలు గీసి వాళ్ల నాన్న నేర్పిన పని అది, ఎదుటి జట్టువాళ్లు చిన్నాడి మీదికే ఉరికేవారు, నేను కళ్లు మూసుకునేదాన్ని, జనం అరుపుని బట్టి తెలుసుకునేదాన్ని, గోలైందో, నా కొడుకు పళ్లు రాలాయో, పక్కన గోల్‌కీపర్ పెళ్లాం నవ్వేది, ఏం వదినా, కళ్లు మూసుకునేదానికి టికెట్టు దండగ కదా, ఇంట్లో పడుకుంటే పోయేది.

ఎనిమిదో ఏడు కూడా గెలిచి ఉంటే, ఎన్నిసార్లు అనుకున్నానో, తొమ్మిదో ఏడు చిన్నాడు కెప్టెన్ అయ్యేవాడు, పదో ఏడు మోకాలు నొప్పని పెద్దాడు గీత దగ్గర్నుంచి తప్పుకుంటే వాడి కూతురు, అచ్చం తాతలా వంగుతుంది ఆ పిల్ల, పిల్లల జట్టులో బంతి తోసేది, నడిపివాడు బస్సు స్టీరింగ్ పట్టుకునేవాడే కాదు, గోడ మీద కప్పులకి చోటు చాలక నేను విసుక్కునేదాన్ని, అన్నీ దుమ్ము తుడవలేక చస్తున్నానర్రా అనేదాన్ని, ఎంత హాయి ఆ విసుగు, కానీ ప్రతిసారీ అక్కడే ఆగిపోతుంది, ఊహల్లో ఏ ఏడు తీసుకున్నా ఫైనల్ రోజు పొద్దున వస్తుంది, ఆ పొద్దున నా చెయ్యి మళ్లీ అలమార సొరుగులోకి వెళుతుంది.

ఆ ఎనిమిదో ఏడు సెమీఫైనల్లో చిన్నాడి దవడకి నాలుగు కుట్లు పడ్డాయి, నేను వేసే కుట్ల లాంటివి కావు, వంకర కుట్లు, వాటిని చూసి రాత్రి అన్నం దిగలేదు, కోచ్ పెట్టిన నియమం నాకు తెలుసు, పళ్లకి వేసుకునే తొడుగు లేనివాడు మైదానంలోకి దిగకూడదు, దాన్ని వేడినీళ్లలో మెత్తబరిచి ఎవరి పళ్లకి వాళ్లు కొరికి అచ్చు తీసుకోవాలి, ఇంకొకళ్లది పట్టదు, ఒక్క ఆటే కదా, కూర్చోనీ, మిగతా ఇద్దరూ గెలిపిస్తారులే అనుకున్నాను, సొరుగులోంచి వాడి తొడుగు తీసి గుండీల డబ్బాలో పడేశాను, ఇల్లంతా తిరగేశాడు పిచ్చివాడు, అమ్మా, చూశావా, అని నన్నే అడిగాడు, లేదురా, అన్నాను, ఆ రోజు అయిదు కార్నర్లు వచ్చాయి, అయిదూ వృథా, ఒక్క గోలుతో ఓడిపోయారు, ఆ గెలిచిన క్లబ్బువాళ్లు నిన్ను తమ జట్టులోకి పిలిచారనేగా కావాలనే మర్చిపోయి వచ్చావు, అన్నాడు పెద్దాడు అందరి ముందూ, చిన్నాడు వారానికల్లా ఆ క్లబ్బుకే వెళ్లిపోయాడు, నడిపివాడు, నేను ఎవరి బంతి ఆపాలి, ఎవరికి ఆపాలి, అని కర్ర అటక మీద పెట్టేశాడు, ఆరేళ్లు.

పెద్దాడి జెర్సీ అయిపోయింది, నడిపివాడిదీ అయింది, కింద చిన్నాడిది, మొదటి అక్షరం కింద కత్తెర మొన పెట్టాను, చెయ్యి కదల్లేదు, వాడు దవడ పగిలి పోతాడని, వీడు మోకాలు విరిగి పడతాడని, ఎప్పుడూ బయటి నుంచే ఏదో వచ్చి విరగ్గొడుతుందని కాపలా కాశాను, విరగ్గొట్టింది కాపలాదారే, తొడుగు దాచడం ఒక్క పూట తప్పు, చెప్పి ఉంటే ఆ సాయంత్రానికే తిట్టి ఊరుకునేవాళ్లు, చెప్పకపోవడమే ఆరేళ్లయింది, గుండీల డబ్బా తీసి మంచం మీద బోర్లించాను, గుండీలన్నీ దొర్లాయి, మధ్యలో అది, పసుపుపచ్చగా మారిపోయి, పై పళ్ల గుర్తులతో, నేనే దాచానురా, వాడు మర్చిపోలేదు, అన్నాను.

పెద్దాడు చుడుతున్న పట్టీ చేతిలోంచి వదులైంది, కింద దాకా జారింది, వాడు ఆ తొడుగు తీసి, ముందు పన్ను వంకరగా పడ్డ గుర్తు మీద వేలు పెట్టి తడిమాడు, నేను గుండీలు ఏరాను, తెల్లవి తెల్లవాటితో, నల్లవి నల్లవాటితో, మళ్లీ అన్నీ కలిపేశాను, మంచం మీద ఒక్కటీ మిగల్లేదు, వాడు లేచి వెళ్లిపోతాడేమో, ఇక నా మొహం చూడడేమో, చూడకపోయినా సరే, చెప్పేశాను, మొదటిసారి ఏం జరుగుతుందోనని కాక, జరిగిందేదో జరిగిందని కూర్చున్నాను.

వాడు తొడుగు నా చేతిలో పెట్టి, ముందు వాడికి నువ్వే చెప్పమ్మా, తర్వాత ఫోన్ నాకివ్వు, అన్నాడు.