కంఠతా పట్టిన అక్షరాలు

మా ఆయన షాలేం రాజుకి జ్ఞాపకశక్తి ఎక్కువ. నరసాపురంలో సండే స్కూల్ కంఠత వాక్యాల పోటీల్లో ఎప్పుడూ ఫస్ట్ ప్రైజు ఆయనదే. ఇప్పటికీ ఇక్కడ, న్యూజెర్సీలోని మా తెలుగు చర్చిలో, కీర్తన ఏదైనా పుస్తకం తెరవకుండా అప్పజెప్పేస్తారు. ఆ తెలివే మొన్న మా కొంప ముంచబోయింది.

ఆయన ఎడమ కంటికి శుక్లం ఆపరేషన్ అయిన వారంలోపే కన్ను ఎర్రబడి, నొప్పి పుట్టి, చూపు పూర్తిగా మసకేసింది. లోపల ఇన్‌ఫెక్షన్ అన్నారు. రెటీనా డాక్టర్ అనిక కంట్లోకి యాంటీబయాటిక్ ఇంజెక్షన్ ఇచ్చింది. ఇక్కడే పుట్టిన తెలుగు పిల్ల. ఉన్నదున్నట్టు చెప్పేస్తుంది.

"చూపు వస్తుందా అమ్మా?" అని అడిగాను.

"ప్రామిస్ చేయలేను ఆంటీ. ఫస్ట్ డే ఎంత కనిపిస్తుంది అన్నది ఇంపార్టెంట్. అంకుల్‌కి చెయ్యి ఊపితే తెలుస్తుంది. ఓన్లీ లైట్ తెలిసేవాళ్ళ కంటే చాన్స్ బెటర్. కానీ ఇంప్రూవ్ అవ్వకపోతే సర్జరీ చేయాలి."

సర్జరీ అన్న మాట వినగానే ఈయన మొహం పాలిపోయింది.

రెండు రోజుల తర్వాత చెకప్‌కి వెళ్ళాం. ముందు కుడికన్నుతో తెర మీది అక్షరాలు కిందిదాకా చదివారు. తర్వాత ఆ కన్ను మూసి, ఎడమకన్నుతో చదవమంది. మళ్ళీ గడగడా, పొల్లు పోకుండా అవే అక్షరాలు.

"వావ్ అంకుల్!" అంటూ అనిక కంప్యూటర్‌ వైపు తిరిగింది.

నేను ఆయన మొహం వైపు చూశాను. కంఠత చెప్పేటప్పుడు ఆయన గడ్డం పైకి లేస్తుంది. ఇప్పుడూ లేచింది. ఎదురుగా తెర ఉంటే సీలింగ్ చూస్తూ అక్షరాలు చదివే మనిషి ఎక్కడైనా ఉంటాడా? ఆ పిల్ల ఇది నమ్మి ఇంటికి పంపేస్తే కన్ను చేజారిపోదూ!

"అనికా, రాసుకోకమ్మా! అంకుల్ చూసి చదవట్లేదు, బట్టీ పట్టేశారు!"

"ప్రిస్సిల్లా!" అని ఉరిమారు ఈయన.

"సిగ్గులేదూ మీకు? కన్ను పోగొట్టుకుని ఎవరికి అప్పజెబుతారు?" తిట్టబోయి ఏడ్చేశాను.

ఆయన తల దించుకున్నారు. "మళ్ళీ కంట్లో కత్తి పెడతారని భయమేసిందే," అన్నారు.

అనిక తెర మీద అక్షరాలు మార్చింది. ఆయన ముందుకు వంగారు. కన్ను చికిలించారు. నేను "ప్రభువా, ప్రభువా" అనుకుంటూ కొంగు నోట్లో కుక్కుకున్నాను. చాలాసేపటికి, "ఎఫ్," అన్నారు. "పక్కది... పి. కింద టీనా? కాదు కాదు, జెడ్." ఆ కింద ఇంకేమీ కనిపించట్లేదన్నారు, తప్పు చేసినవాడిలా.

"మూడూ కరెక్ట్!" అనిక పకపకా నవ్వింది. "మొన్న చెయ్యి కదలడమే తెలిసింది, ఇవాళ లెటర్స్! ఇది నిజంగా మంచి సైన్ అంకుల్. సర్జరీ ఇప్పుడు వద్దు. ఇంకా క్లియర్ అవుతుంది, నాకు చాలా హోప్ ఉంది."

"అయితే నిజం చెప్పినా వదిలేసేదానివే అన్నమాట," అని గొణిగారు ఈయన.

"మీరు నోరు మూసుకుని మళ్ళీ చదవండి," అన్నాను.

అనిక నవ్వుతూ కొత్త అక్షరాలు పెట్టింది. ఆయన ఒక్కొక్కటే వెతుక్కుంటూ, ఒకటి తప్పు చెప్పి దిద్దుకుంటూ చదివారు. పెళ్ళయినప్పటినుంచీ ఆయన తడబడగా నేను వినడం అదే మొదలు. ఎంత హాయిగా ఉందో!