వెళ్ళొస్తా

బ్యాగు భుజానేసుకుని "వెళ్తున్నానమ్మా" అంటే చాలు, వంటింట్లోంచి అమ్మ గయ్యిమంటుంది.

"వెళ్తున్నా ఏంటే, వెళ్ళొస్తా అనలేవూ?"

ఇరవై ఏడేళ్ళుగా నడుస్తున్న ఆటోకరెక్ట్ అది. ఆపేద్దామంటే సెట్టింగ్స్‌లో ఎక్కడా బటన్ లేదు. ఆ మాట కూతురి నోటికి ఎంతలా అతుక్కుపోయిందంటే, ఓసారి ఆఫీసు లిఫ్టులో ముక్కూమొహం తెలీని మనిషికి కూడా వెళ్ళొస్తానని చెప్పి దిగింది.

అప్పట్లో ఆమె సాఫ్ట్‌వేర్ టెస్టర్. ఇంకొకళ్ళు చేసినదాంట్లో తప్పులు పట్టడం ఉద్యోగం. అమ్మ లెక్కలో అది పుట్టుబుద్ధి. అది మానేసి, ఏడాది శిక్షణ తీసుకుని, ఇప్పుడు ఓ సంస్థ తరఫున ఆడపిల్లల హోమ్‌లో యోగా చేయిస్తోంది. ప్రతి మంగళవారం నాలుగింటికి, పన్నెండు వారాలు. ఇల్లు లేనివాళ్ళు, ఉన్నా ఆ ఇంట్లో బతకలేక బయటపడ్డవాళ్ళు, మొత్తం పదకొండుమంది. అందరూ ఆమెని టీచరక్కా అంటారు.

ఇది టీవీలో వచ్చే యోగా కాదు. ఎవరి కాలు ఎంత లేచిందో ఎవరికీ పట్టదు. నియమాలు మాత్రం బోలెడు. పిల్లల్ని ముట్టుకోకూడదు, వంగిన చెయ్యి సరిచెయ్యడానికైనా సరే. వాళ్ళ వెనక నడవకూడదు. తలుపు తీసే ఉంచాలి. "కళ్ళు మూసుకోండి" అనకూడదు. "మూసుకోవాలనిపిస్తే మూసుకోండి, లేకపోతే నేల చూడండి" అనాలి. ఒకసారి దెబ్బతిన్న పిల్లకి కళ్ళు మూసుకోవడమంటే కాపలా వదిలేసి పడుకోవడమే మరి. శవాసనాన్ని శవాసనం అని కూడా అనకూడదు. మొదటి వారం నోరుజారి అనేసింది.

"శవాసనమా?" అంది రేడియో. నోరు మూతపడదని ఆ పిల్లకి మిగతావాళ్ళు పెట్టిన పేరది. "టీచరక్కా, నేనింకా పదో క్లాసు కూడా పాసవలేదు. అప్పుడే శవమేంటి?"

"నువ్వు శవమైనా మాట్లాడుతూనే ఉంటావే," అంది పక్కపిల్ల.

హాలంతా పగలబడి నవ్వింది. ఆ రోజు నుంచి ఆ ఆసనం పేరు "పడక".

నవ్వనిది ఒక్కతే. పదమూడేళ్ళుంటాయి. ఎప్పుడూ గేటు కనపడే చోటే కూర్చుంటుందని అందరూ గేటు అంటారు. కిటికీ పక్కన గోడకి వీపు ఆనించి, కాళ్ళకి చెప్పులతోనే కూర్చుంది. ఇచ్చిన మ్యాట్ చుట్ట విప్పలేదు, ఒళ్ళో పెట్టుకుంది.

"ఏయ్, చెప్పులిప్పు ముందు," అని వార్డెనమ్మ గొంతు పెంచబోతే టీచరక్క ఆపింది.

"ఉండనీండి మేడమ్. చెప్పులతో కూడా ఊపిరాడుతుంది."

నాలుగో వారం గేటు మ్యాట్ పరిచింది. పరిచి, దాని పక్కన నేలమీద కూర్చుంది. ఆరో వారం మ్యాట్ మీదకి జరిగింది. ఎనిమిదో వారం, ఎవరూ చూడట్లేదనుకుని రెండు చేతులూ పైకెత్తింది. టీచరక్క కళ్ళు తిప్పేసుకుని, రేడియో మోకాళ్ళలో ఏదో వింత ఉన్నట్టు అటే చూస్తూ నిలబడింది.

ఆ సాయంత్రం వార్డెనమ్మ వరండాలో ఆరిన దుప్పట్లు మడతపెడుతోంది. టీచరక్క రెండో కొస పట్టుకుంది.

"ఆ గేటు పిల్లకి ఏడేళ్ళప్పుడమ్మా," అంది వార్డెనమ్మ, దుప్పటి దులుపుతూ. "వాళ్ళమ్మ ఆసుపత్రి బెంచీమీద కూర్చోబెట్టి, ఇక్కడే కూర్చో, వెళ్ళొస్తా అందట. రెండ్రోజులు కూర్చుంది. ఆయాలు పిలిచినా లేవలేదట. నీళ్ళకని లేస్తే, ఆ కాసేపట్లో అమ్మ వచ్చి వెతుక్కుని వెళ్ళిపోతుందని భయం."

టీచరక్క చేతిలోంచి దుప్పటి కొస జారిపోయింది. ప్రతి మంగళవారం గుమ్మం దగ్గర చెయ్యూపి తను అనే మాట కూడా అదే.

మానేద్దామనుకుంది. కానీ ఇంటికి వెళ్ళే దారిలో ఇంకో ఆలోచన వచ్చింది. తను ఆ మాట అని, అన్నట్టే తిరిగొస్తోంది కదా! ఏడుసార్లు అంది, ఏడుసార్లూ వచ్చింది. ఒక్కసారీ ఫెయిలవలేదు. ఆ మాటని ఆ పిల్లకి తనే మళ్ళీ బాగుచేసి ఇస్తోందేమో. ఇలా అనుకున్నాక లోపలెక్కడో కాస్త గర్వంగా కూడా అనిపించింది.

తొమ్మిదో వారం గేటు చెప్పులిప్పింది. తలుపు దగ్గర, అందరి చెప్పుల పక్కన, వరసలో పెట్టింది.

తొమ్మిదో వారంలోనే ఇంకోటి కూడా చెయ్యాలి. శిక్షణలో ఇచ్చిన పుస్తకంలో లావు అక్షరాలతో ఉంది: ఆఖరి క్లాసు ఎప్పుడో మూడు వారాల ముందే పిల్లలకి చెప్పండి, ప్రతి వారం మళ్ళీ గుర్తుచెయ్యండి. ఆ పేజీ మూల మడతపెట్టుకుంది కూడా. కానీ వరసలో ఉన్న ఆ చెప్పుల్ని చూసింది. అరిగిపోయిన నీలం చెప్పులు. ఇవాళొద్దు, వచ్చేవారం చెప్దాంలే అనుకుంది. తప్పు ఉందని తెలిసీ సరుకు బయటికి పంపెయ్యాల్సి వస్తే టెస్టర్లు 'తెలిసిన లోపం' అని ఓ మూల రాసిపెట్టి పంపేస్తారు. ఆమె రాసిపెట్టడం కూడా మానేసింది.

పదో వారం, పడకలో, గేటు కళ్ళు మూసుకుంది. మూడు ఊపిర్లు. అంతే, మళ్ళీ తెరిచింది. ఆ మూడు ఊపిర్లూ టీచరక్క తన ఊపిరి బిగబట్టుకుని కూర్చుంది. ఆ రోజు మాత్రం ఎలా చెప్తుంది?

పదకొండో వారం ఇంకా ఎక్కువసేపు మూసుకుంది. క్లాసయ్యాక మ్యాట్ చుట్టి తెచ్చిస్తూ మొట్టమొదటిసారి నోరు విప్పింది.

"వచ్చే మంగళవారం వస్తారా?"

"వస్తా."

అది నిజమే. ఆ తర్వాత మంగళవారం సంగతి పిల్ల అడగలేదు. అడగనిదానికి చెప్పకపోతే అబద్ధమాడినట్టు కాదని, మెట్లు దిగేదాకా తనకి తనే సర్దిచెప్పుకుంది. కింది మెట్టు మీద వెనక్కి తిరిగి, నోటికొచ్చిన మాట అలవాటుగా అనేసింది.

"వెళ్ళొస్తా."

కిటికీలోంచి గేటు చెయ్యూపింది. అదీ మొదటిసారే.

పన్నెండో వారం, మ్యాట్లు పరవగానే చెప్పేసింది.

"ఇవాళే ఆఖరు క్లాసు. మూడు వారాల ముందే మీకు చెప్పాల్సింది. చెప్పలేదు. తప్పు నాది."

ముందు రేడియోనే అడిగింది. "ఇంకో హోమ్‌కి వెళ్తారా?"

"అవును."

"వాళ్ళు మాకంటే మంచోళ్ళా?"

"కాదు. వాళ్ళ వంతు వచ్చింది."

"అయితే వాళ్ళకి శవాసనం అనే చెప్పండి. చావనీ."

ఇద్దరు నవ్వారు. మిగతావాళ్ళు గేటు వైపు చూస్తున్నారు. గేటు లేచి, తలుపు దగ్గరికి వెళ్ళి, నీలం చెప్పులు తొడుక్కుంది. బయటికి పోతుందనుకున్నారు. పోలేదు. వెనక్కొచ్చి, చెప్పులతోనే మ్యాట్ మీద నిలబడింది. క్లాసు అయ్యేదాకా అలాగే నిలబడింది. అందరూ పడుకున్నా నిలబడే ఉంది. కళ్ళు ఆర్పకుండా చూసింది, కిటికీలోంచి బయటి గేటుని కాదు, టీచరక్కని.

"ఊపిరి మెల్లగా వదలండి," అంది టీచరక్క, నీలం చెప్పుల వైపు చూస్తూ.

అయిపోయాక రేడియో ఎదురుగా వచ్చి నిలబడింది. "టీచరక్కా, పట్టుకోవాలనిపిస్తే పట్టుకోవచ్చా, లేకపోతే నేల చూడమంటారా?"

అచ్చం టీచరక్క గొంతే. టీచరక్క ఏడుపూ నవ్వూ కలిసిపోయి తలూపింది. ఒకరి తర్వాత ఒకరు అడిగి మరీ పట్టుకున్నారు. గేటు రాలేదు. మ్యాట్ చుట్టుకుని గుమ్మం పక్కన నిలబడింది.

"పోయిన వారం వెళ్ళొస్తా అన్నారు," అంది.

"అన్నాను."

"అప్పటికే తెలుసా?"

"తెలుసు. మొదటి రోజు నుంచీ తెలుసు."

"మరి ఇవాళ ఏమంటారు?"

నోటి చివర ఉన్నది ఆ ఒక్క మాటే. ఇరవై ఏడేళ్ళ అలవాటు పెదాలమీదకి వచ్చేసి తోసుకుంటోంది. రెండో మాటని ఎప్పుడూ అననివ్వలేదు అమ్మ.

"వెళ్తున్నా," అంది టీచరక్క.

వెనక ఉన్న వార్డెనమ్మ ఉలిక్కిపడింది. "అదేం మాటమ్మా! గుమ్మంలో నిలబడి అలా అంటారా ఎవరైనా? వెళ్ళొస్తా అనండి."

"వద్దు మేడమ్," అంది గేటు. టీచరక్క నుంచి చూపు తిప్పలేదు. "మా అమ్మ కూడా ఇట్లానే చెప్పుంటే, నీళ్ళు తాగడానికైనా లేచేదాన్ని."

గేటు మ్యాట్ చేతికిచ్చింది. "మీరు చెప్పారు," అంది, "కానీ లేటుగా చెప్పారు." అనేసి లోపలికి వెళ్ళిపోయింది. కిటికీ దగ్గరికి రాలేదు. హోమ్ గేటు దాటాక టీచరక్క రెండుసార్లు వెనక్కి తిరిగి చూసింది. ఖాళీ కిటికీ. అది మంచి గుర్తో చెడ్డ గుర్తో చెప్పే రిపోర్టు ఇక ఎప్పటికీ రాదు.

ఇంటికొచ్చి, ప్రతి మంగళవారంలాగే డాబామీద మ్యాట్లు పరిచి తడిగుడ్డతో తుడవడం మొదలుపెట్టింది. ఇంకా వెలుతురుంది. పది మ్యాట్ల మీద చెమట మరకలు. పదకొండోదాని మీద రెండు చెప్పుల అచ్చులు, పక్కపక్కనే, ఒక్క అంగుళం కూడా కదలకుండా.

అమ్మ బట్టలు తియ్యడానికి పైకొచ్చింది. "ఏంటే, అది తుడవకుండా అలా చూస్తూ కూర్చున్నావ్?"

"తుడుస్తా."

వచ్చే మంగళవారం ఇంకో హోమ్‌లో ఇంకో పిల్లకి ఈ మ్యాట్ కావాలి. శుభ్రంగా ఉండాలి. గుడ్డ పిండి, ముందు ఎడమ కాలి అచ్చు తుడిచింది. కాసేపు ఆగి, కుడిది కూడా తుడిచింది.