గట్టు మీద డీజిల్ మొక్కలు

పొద్దున్న ఏడింటికి ఆమె, తల్లి తన పేర రాసిచ్చిన చిన్న పొలం చెక్కలో అలసందలు విత్తేసింది. పది దాటాక కంపెనీ లారీ డీజిల్ మొక్కలతో వచ్చి ఆ చెక్క పక్కనే ఆగింది.

ఆ మొక్క అసలు పేరు పలకడానికి ఎవరికీ నోరు తిరగదు. గింజల నూనెతో ఇంజన్ నడుస్తుంది కాబట్టి డీజిల్ మొక్క అయింది. నడిచిన మాట నిజమే. కొన్నేళ్ళ కిందట మొదటిసారి వచ్చినప్పుడు కంపెనీ బాబు వాళ్ళ వాకిట్లోనే ఇంజన్ పెట్టి, ఆ నూనె పోసి తిప్పి చూపించాడు. అది డగడగమంటుంటే భర్త ముఖం వెలిగిపోయింది.

"పెళ్ళినాడు కూడా ఇంత వెలగలేదు," అందామె. అత్త నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది.

"నీళ్ళక్కర్లేదు. గొడ్డు మూతి పెట్టదు. ఇక కూలి ఖర్చంటారా, ఇంట్లో ఆడవాళ్ళున్నారుగా," అన్నాడు కంపెనీ బాబు. భర్త తలూపాడు. జొన్న వేసే పెద్ద చేనంతా ఆ మొక్కే పెట్టారు.

నీళ్ళు లేకపోయినా మొక్క బతికింది. కాయ మాత్రం కాయలేదు. కాయడానికి కావలసిన నీళ్ళు ఆమె బిందెలతో మోసింది. కాసిన గుత్తిలో ఒక కాయ పచ్చగా, ఒకటి పసుపుగా, ఒకటి నల్లగా ఉండేది. పచ్చివి కోస్తే నూనె రాదు. అందుకని కోసిన పొద దగ్గరికే మళ్ళీ మళ్ళీ వెళ్ళాలి, వచ్చి వంట చెయ్యాలి, వంటయ్యాక తొక్కలు వలవాలి. "కూర్చుని కాయలు వలవడం కూడా ఒక పనేనా?" అనేవాడు భర్త, ఆ పక్కనే కూర్చుని. "మా కాలంలో అయితే ఈపాటికి బస్తా నిండేది," అనేది అత్త, ఆమె కాలంలో ఈ మొక్కే లేకపోయినా. వలుస్తున్నంతసేపూ ఆమె మనసు తన చెక్క చుట్టూ తిరిగేది. అక్కడ లేత కాయ తుంచి నిలబడే నమలొచ్చు. ఎవరికీ వడ్డించక్కర్లేదు, ఉప్పు తక్కువైందనే వాళ్ళుండరు. ఈ డీజిల్ గింజ నోట్లో పెడితే వాంతులే. ఇంత చాకిరీ చేసి, పొద్దస్తమానం నీళ్ళు మోసి, ఒక్క గింజ నోట్లో వేసుకోలేని పంట ఎవరి కోసం పండిస్తున్నట్టు? ఈ ప్రశ్న భర్తని అడిగితే "ఇంజన్ కోసం" అంటాడని ఆమెకు తెలుసు. తలుచుకుంటే నవ్వొచ్చేది.

నిన్న సాయంత్రం గిన్నెలు తోముతుంటే భర్త వచ్చాడు. "నీ చెక్కలో కూడా పెట్టేద్దాం. రేపు లారీ వస్తుంది. మాటిచ్చేశాను."

"నన్నడిగారా?"

"నిన్నడిగేదేముంది?"

అప్పుడే వాన మొదలైంది. ఆమె గిన్నె బోర్లించి విత్తనాల సంచి దింపింది.

తెల్లారగానే అత్త గుమ్మంలో పట్టుకుంది. "టీ అయినా పెట్టకుండా ఎక్కడికే?"

"విత్తడానికి."

"వాడికి తెలుసా?"

"లారీ వచ్చాక తెలుస్తుంది."

అత్త చెప్పులు వేసుకుంది. మన్ను మెత్తగా ఉంది. కోడలు చాలు తీసింది, అత్త గింజలు వేసింది. సగం చెక్క అయ్యేసరికి ఆమె తనకు తెలియకుండానే కూనిరాగం తీస్తోంది. "పాట తర్వాత, చాలు వంకర పోతోంది," అంది అత్త. ఇద్దరూ నవ్వారు.

లారీ దగ్గర భర్త తల పట్టుకున్నాడు. "పరువు తీశావు కదే!"

"మొక్కలు వెనక్కి తీసుకెళ్ళడం కుదరదమ్మా," అన్నాడు కంపెనీ బాబు.

"వెనక్కెందుకు బాబూ? గట్టు చుట్టూ పెట్టండి. గొడ్డు మూతి పెట్టదన్నారుగా, మంచి కంచె."

కంపెనీ బాబు గట్టు వైపు చూశాడు.

"మరి కాయలెవరు కోస్తారు?" అన్నాడు భర్త.

"మీకూ చేతులున్నాయి కదండీ."

లారీ డ్రైవర్ స్టీరింగ్ మీద పడి నవ్వాడు. భర్త తల్లి వైపు తిరిగాడు. "చూశావా అమ్మా దీని మాటలు?"

"విన్నాను," అంది అత్త. "పెద్ద చేను నా పేరనే ఉంది కదరా. అందులో ఇది పెట్టేటప్పుడు నన్నెవరడిగారు?"

ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. ఇన్నాళ్ళూ ఎవరూ తలుచుకోలేదు. కంపెనీ బాబు తన బూట్ల వైపు చూసుకున్నాడు.

"ఈ వానకి జొన్న పడుతుందా?" అత్త కోడలిని అడిగింది.

"రేపు పొద్దున్నకి పదును బాగుంటుంది అత్తయ్యా."

మధ్యాహ్నానికి మొక్కలన్నీ గట్టు మీద నాటారు. సాయంత్రంలోగా పెద్ద చేలో సగం పొదలు నరికారు. గొడ్డలి పట్టింది భర్తే. ఎక్కడిదాకా నరకాలో అత్త కర్రతో చూపించింది.