మడచెట్ల కింద గంటా పది నిమిషాలు

ఫిబ్రవరి 11, బుధవారం ఉదయం 8 గంటల 20 నిమిషాలకు కాట్రేనికోన మండలంలో ఒక రొయ్యల చెరువు గట్టు మీద నుంచి ఇద్దరు బడిపిల్లలు కనిపించకుండా పోయారు. తొమ్మిదిన్నరకి పక్కనున్న మడచెట్ల బురదలో దొరికారు. ఇద్దరికీ దెబ్బలు లేవు. వాళ్ల మీద బోర్లా పడుకుని, ఇద్దరి నోళ్లూ చేతులతో మూసి ఉంచిన మనిషి పొడియం లక్కె. వయసు పంతొమ్మిది. ఆ చెరువుకి పిట్టల కాపలాదారు.

లక్కెది ఛత్తీస్‌గఢ్ సరిహద్దులో ఒక కోయ ఊరు. దళం వాళ్లు ఇంటికొకరిని అడిగినప్పుడు ఆమెను పంపారు. అప్పటికి పదకొండేళ్లు. మొదటి ఏడాది సెంట్రీ, తర్వాత తుపాకీ. పదిహేనో ఏట పోలీసులకు దొరికింది. మూడేళ్లు రాజమండ్రిలో ఒక హోమ్‌లో ఉంది. పద్దెనిమిది నిండాక హోమ్ వాళ్లు రొయ్యల తలలు తీసే షెడ్డుకి పంపారు.

షెడ్డులో పక్క పీట నూకాలమ్మది. భర్త సముద్రం మీద చేపల వేటకెళ్లి తిరిగి రాలేదు. ఒక్కతే ఉంటోంది. లక్కెని ఇంటికి తీసుకెళ్లింది. ఆరు నెలలు లక్కె గుమ్మం దగ్గర గోడకి ఆనుకుని, కూర్చునే నిద్రపోయింది. ఏడో నెలలో చాప మీద పడుకుంది. ఆ సంగతి నూకాలమ్మ షెడ్డంతా చెప్పింది.

డిసెంబరులో ధనరాజు తన చెరువుకి కాపలా మనిషి కావాలన్నాడు. నీటికాకులు రొయ్యల్ని తింటాయి, ఒక చెరువులోని తెగులు ఇంకో చెరువుకి మోస్తాయి. పళ్లెం మోగిస్తూ గట్టు మీద తిరగాలి. లక్కె చేరింది. జనవరి ఆఖరుకి కాకులు ఆ మోతకి అలవాటుపడ్డాయి. ధనరాజు ప్లాస్టిక్ గొట్టంతో చేసిన తుపాకీ ఒకటి తెచ్చాడు. లోపల కార్బైడ్ ముక్క వేసి, నీళ్లు చుక్కలు పోసి, లైటర్ నొక్కితే పేలుతుంది. గుండు ఉండదు.

బుధవారం ఉదయం దాన్ని ఆమె చేతికిచ్చాడు. అక్కడ చెరువు నీళ్లకి గాలి పట్టించే ఏరేటర్ బాగుచేస్తున్న మెకానిక్ శ్యామ్ బాబు ఆ మాటలు విన్నాడు.

"ఇదిగో లక్కమ్మా, నీకు తగ్గ పనిముట్టు."

"వద్దండి. పళ్లెం కొడతానండి."

"నీ పళ్లేనికి కాకులు తాళం వేస్తన్నాయమ్మా. అసలు తుపాకీయే పేల్చినదానివి, గొట్టానికి బెదురుతావేంటి?"

"ఇంకా గట్టిగా కొడతానండి."

"ఒక్కసారి పేల్చు. లేదంటే రేపట్నించి ఇంకో మనిషిని చూసుకోవాలి మరి. ఏవనుకోకు."

ఆమె పేల్చింది. కాకులు లేచిపోయాయి. ధనరాజు మోటార్ సైకిలెక్కి వెళ్లిపోయాడు. అప్పుడే హారిక, తమ్ముడు బుజ్జిబాబు అడ్డదారిన బడికి వెళ్తూ గట్టు ఎక్కారు. హారికకి తొమ్మిదేళ్లు, తమ్ముడికి ఆరు. లక్కె గొట్టం నీళ్లలోకి విసిరి, ఇద్దర్నీ చెరో చంకనా ఇరికించుకుని మడచెట్లలోకి పరిగెత్తింది.

"ఇంకోటి పేలుద్ది, కదలొద్దు, కదిలితే చచ్చిపోతారు అందండి. తమ్ముడు ముందు ఆటనుకుని నవ్వేడు. అమ్మ పిలుస్తుంటే వినపడింది గానీ పలకనివ్వలేదు" అని హారిక చెప్పింది.

పదకొండింటికి అందరూ పోలీస్ స్టేషన్ వరండాలో ఉన్నారు. పిల్లల తల్లి సువర్ణ కూర్చోలేదు.

"నా పిల్లల నోళ్లు మూసేసిందండీ! అది ఊళ్లో ఉంటే మేం ఒక్కళ్లం కూడా పిల్లల్ని బడికి పంపం."

"మీద పడుకుంది కదమ్మా, ఆ పేలేదేదో తన వీపుకి తగలాలని" అంది నూకాలమ్మ.

"మీ ఇంట్లో పిల్లలుంటే తెలిసేది పిన్నిగారూ."

నూకాలమ్మ లక్కె పక్కకి జరిగింది.

హెడ్ కానిస్టేబుల్ దుర్గారావు ధనరాజు వైపు తిరిగాడు. "అక్కడేవన్నా పేలిందాండీ?"

"ఏమోనండి. నేను లేను."

శ్యామ్ బాబుని అడిగాడు. మోటారు హోరులో వినపడలేదన్నాడు. ఆ చుట్టుపక్కల అతను ఏరేటర్లు బాగుచేసే చెరువుల్లో సగం ధనరాజువీ, అతని బావమరుదులవీ.

"ఏమ్మా, నువ్వు చెప్పు. పేలిందా?"

"ఆయ్. నేనే పేల్చేనండి."

"దేంతో?"

"గొట్టంతో."

"గొట్టం ఎవరిచ్చేరు?"

లక్కె నేల చూసింది.

"చెప్పవే" అంది నూకాలమ్మ. "పేరు చెప్పవే తల్లీ. ఎదురుగానే ఉన్నాడు కదే."

దుర్గారావు మూడుసార్లు అడిగాడు. లక్కె చెప్పలేదు. పేరు చెప్పినవాళ్లని దళంలో ఏం చేసేవారో ఆమె నూకాలమ్మకి ఒకసారి చెప్పింది. ధనరాజు సెల్‌ఫోన్ చూసుకుంటూ నిలబడ్డాడు.

కేసు రాయలేదు. ఆమె ఊరు విడిచి వెళ్తే ఫిర్యాదు చేయనని సువర్ణ ఒప్పుకుంది. దుర్గారావు రాజమండ్రి హోమ్‌కి ఫోన్ చేశాడు. పద్దెనిమిది దాటినవాళ్లని ఉంచుకోవడానికి లేదు, రెండు రోజులకైతే చూస్తామన్నారు.

"నా ఇంట్లో మనిషిని పంపడానికి మీరెవరండీ?" అంది నూకాలమ్మ.

"రేషన్ కార్డులో ఉందా అండీ?" అన్నాడు దుర్గారావు.

లేదు.

గురువారం ఉదయం నూకాలమ్మ షెడ్డు మానేసి అమలాపురం దాకా తోడు వెళ్లింది. 7:50కి లక్కెని రాజమండ్రి బస్సెక్కించి, టికెట్ కొనిచ్చింది. కిటికీ పక్కన కూర్చోమంది. లక్కె వెనక సీటులో కూర్చుంది.

సాయంత్రం నూకాలమ్మ హోమ్‌కి ఫోన్ చేసింది. ఆ పేరుతో ఎవరూ రాలేదన్నారు. మర్నాడు డిపోకి వెళ్లి కండక్టర్‌ని పట్టుకుంది. రాజమండ్రి దాకా టికెట్ ఉన్న అమ్మాయి ఒకామె రావులపాలెంలో దిగిపోయిందని అతను చెప్పాడు. ఆమె దిగినప్పుడు టైము 8:55.